మేనమామ పసుపు కారు

అమెరికాలో మంచు కురిసే నోవైలో, జనవరి నెలలో, వెనక చక్రాల బలంతో మాత్రమే కదిలే స్పోర్ట్స్ కారును రోడ్డెక్కించాలంటే మనిషికి ధైర్యమన్నా ఉండాలి, బుర్రన్నా లేకుండా ఉండాలి. షాలేం రాజుకు ధైర్యం లేదన్న సంగతి అతని భార్య ప్రిస్సిల్లాకు కాపరానికి వచ్చిన కొత్తలోనే తెలిసిపోయింది. స్నానాల గదిలో బల్లి కనబడితే తలుపు సందులోంచి ఆవిడ్ని కేకేసిన మొనగాడతను. కాబట్టి మిగిలింది రెండోదే.

ఆ కారు సెప్టెంబరులో వచ్చింది. టెక్సస్‌లో, కాపెల్‌లో ఉండే స్నేహితుడెవరో అమ్ముతున్నాడంటే విమానమెక్కి వెళ్లి కొని, అక్కణ్ణించి తనే నడుపుకుంటూ తెచ్చాడు. పసుపు రంగు, రెండు తలుపులు, నేలకు బెత్తెడు ఎత్తు. ఎక్కాలంటే ముందు కూలబడాలి, దిగాలంటే ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. వెనక సీట్లు ఉన్నాయంటే ఉన్నాయి గానీ వాటిలో కాళ్లున్న మనిషెవడూ కూర్చోలేడు. ఇక టైర్లంటారా, ఎండ తప్ప ఇంకోటి ఎరగని టెక్సస్ టైర్లు. చలి పడితే చెక్కలా బిగుసుకుపోతాయి.

షాలేం రాజు పని చేసేది కారు విడిభాగాల కంపెనీలో. అందులో అతను చూసేది జీతాల సాఫ్ట్‌వేర్. ఆ రెండో సంగతి మాత్రం ఎవరికీ చెప్పడు. ఎవరన్నా అడిగితే, “ఆటోమోటివ్‌లో ఉన్నానండీ” అని కాస్త గడ్డం పైకెత్తుతాడు. ఆదివారం ఆరాధన అయ్యాక తెలుగు చర్చివాళ్లంతా బేస్‌మెంట్‌లో భోజనాలు చేస్తుంటే, పప్పన్నం కలుపుకుంటూ ఉపన్యాసం మొదలెడతాడు. “ఫ్రంట్ వీల్ డ్రైవ్ అంటే బండి మనల్ని ఈడ్చుకుపోద్దండీ. లేడీస్‌కి ఓకే. రియర్ వీల్ అయితే వెనకనించి తోస్తది. ఆ ఫీల్ వేరు.” వినేవాళ్లు తలలూపుతారు. వాళ్లకేం పోయింది, పెరుగు వడ్డించేదాకా కాలక్షేపం.

కారు కొన్న ఆదివారమే పాస్టర్ గారి చేత పార్కింగ్ లాట్‌లో ప్రార్థన చేయించాడు. ఆయన నూనె సీసా తెచ్చి, వేలితో బానెట్ మీద చిన్న సిలువ గుర్తు వేసి, కళ్లు మూసుకుని ప్రయాణ క్షేమం కోసం ప్రార్థిస్తున్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. ప్రిస్సిల్లా మూసుకోలేదు, ఆవిడకి మొగుడి సంగతి తెలుసు. అనుకున్నట్టే ఆమెన్ అనకముందే జేబులోంచి మెత్తటి గుడ్డ తీసి ఆ నూనె తుడిచేశాడు. పెయింటు మీద మరక పడుతుందని భయం. దేవుడి దగ్గర కాపుదల కావాలి, దేవుడి నూనె మాత్రం వద్దు!

డిసెంబరు వచ్చింది, మంచు పడింది. గరాజ్‌లో పసుపు కారుకి పట్టులాంటి ముసుగు కప్పి పడుకోబెట్టాడు. ప్రిస్సిల్లా మినీవ్యాన్ గరాజ్ బయటికి పోయింది. ఫార్మసీలో పొద్దున్న షిఫ్టు ఆవిడది. రోజూ చీకటితోనే లేచి, అద్దాల మీద గడ్డ కట్టిన మంచు గోక్కుని, చేతులు కొంకర్లు పోతుంటే బండి తీసేది. గరాజ్‌లో ఉన్నదానికి వెచ్చగా హీటరు, బయట ఉన్నదానికి ఐసు. ఈ లెక్కన ఇంకొన్నాళ్లకి తనని కూడా బయట పడుకోమంటాడేమో అనుకునేది.

“ఆ టైర్లన్నా మార్పించండి. వింటర్ టైర్లని ఉంటాయి కదా, ఈ ఊళ్లో చిన్నపిల్లల్నడిగినా చెప్తారు” అని ఒకసారి నోరు జారింది.

“వింటర్ టైర్లకి రిమ్ములు మార్చాలి. రిమ్ములు మారిస్తే లుక్ పోద్ది. నీకు తెలీదులే ప్రిస్సీ, అంతా డ్రైవర్ స్కిల్‌లో ఉంటది” అన్నాడు షాలేం రాజు.

ఆ స్కిల్ ఎంతో ఆవిడకి తెలుసు. కిరాణా కొట్టు పార్కింగ్‌లో బండి వెనక్కి తియ్యాల్సొస్తే దిగి తాళం ఆవిడ చేతికిచ్చేవాడు.

సరే, ఎవరి పిచ్చి వాళ్లకానందం, నవ్వుకుని ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోవడానికి కారణం ఎలీనా.

ఎలీనా షాలేం రాజు చెల్లెలి కూతురు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడు నేపర్‌విల్‌లో తల్లి జబ్బు చేసి పోయింది. తండ్రి ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్లి చేసుకుని వేరే రాష్ట్రం వెళ్లిపోయాడు. కూతురి పెళ్లికి పిలిస్తే గిఫ్ట్ కార్డు పంపించిన మహానుభావుడు. అప్పటినించీ పిల్లని పెంచింది ప్రిస్సిల్లా. జడలు, జ్వరాలు, పియానో క్లాసులు, కాలేజీ అప్లికేషన్లు, అన్నీ ఆవిడే. మరి షాలేం రాజు చేసిందేమిటయ్యా అంటే, ఆ పిల్ల వచ్చిన కొత్తలో రాత్రిళ్లు ఏడుస్తుంటే వీపున ఎక్కించుకుని ఇల్లంతా తిరిగి నవ్వించాడు. ఆ మాటకొస్తే బాగానే నవ్వించాడు, కాదనకూడదు. పిల్లలకి అన్నం పెట్టిన చెయ్యి కన్నా నవ్వించిన మొహం ఎక్కువ గుర్తుంటుంది. ఎలీనాకి మామయ్య అంటే ప్రాణం.

ఇప్పుడు ఆ పిల్లకి పెళ్లి. వరుడు నతానియేల్, వాళ్ల తెలుగు చర్చి సంఘంలోనే పెద్ద అయిన దేవకుమార్ గారబ్బాయి. బుద్ధిమంతుడు, ప్రిస్సిల్లాకి వంక పెట్టడానికేమీ దొరకలేదు. పెళ్లికి నెల ముందు జాకెట్టు కొలత చూస్తుంటే ఎలీనా అద్దంలోంచి అంది: “అత్తా, డెకరేషన్, ఫుడ్, నాకు అవేవీ మ్యాటర్ కాదు. ఒక్కటే కావాలి. చర్చి డోర్ దగ్గరనించి స్టేజి వరకు మామయ్య హ్యాండ్ పట్టుకుని నడవాలి. డాడీ రాడు కదా. నాకు డాడీ అంటే మామయ్యే కదా.”

గుండుసూది ప్రిస్సిల్లా వేలికి గుచ్చుకుంది. ఈ పిల్ల కోరుకున్నది ఒకే ఒక్కటి, ఆ ఒక్కటీ షాలేం రాజు చేతిలో ఉంది. ఆవిడకి ఆ క్షణం నించే భయం పట్టుకుంది.

ఆ భయానికి తగ్గట్టే అతను ప్రకటించాడు. పెళ్లికూతుర్ని తన కారులో తీసుకెళ్తాడట. జనవరిలో! అతని తల్లి కరుణమ్మ వెంటనే వంత పాడింది. ఆవిడ నరసాపురం మనిషి, చర్చిని గుడి అంటుంది, కొడుకు దగ్గరే ఉంటుంది, ఎలీనాకి అమ్మమ్మ. “మనిళ్లల్లో పెళ్లికూతుర్ని గుడికి తెచ్చేది మేనమావేనే. మా మావయ్య నన్ను అంబాసిడర్లో తెచ్చాడు. హిందువులు గంపలో తెస్తారు, మనకి గంప లేదు, కారు” అంది. గంపయితే ఎంత బావుణ్ణో, గంప జారదు కదా అనుకుంది ప్రిస్సిల్లా.

పెళ్లి శనివారం పదకొండింటికి. చర్చి భవనం వాళ్లది కాదు, ఫార్మింగ్టన్‌లో అమెరికన్ల చర్చిని అద్దెకు తీసుకున్నారు. ఒంటిగంటకల్లా పైహాలు ఖాళీ చెయ్యాలి, ఆ తర్వాత ఇంకో సంఘంవాళ్ల కార్యక్రమం ఉంది. భోజనాలు కింద బేస్‌మెంట్‌లో ఎంతసేపయినా చేసుకోవచ్చు గానీ పెళ్లి మాత్రం ఒంటిగంటలోపే అయిపోవాలి. పాస్టర్ గారు ఈ మాట మూడు ఆదివారాలు ప్రకటనల్లో చదివారు.

శనివారం తెల్లవారేసరికి కిటికీ బయట అంతా తెల్లగా ఉంది. ఆకాశంలోంచి దూదిపింజలు రాలుతూనే ఉన్నాయి. ప్రిస్సిల్లా పట్టుచీర కట్టుకుని, కింద మోకాళ్లదాకా వచ్చే మంచు బూట్లు వేసుకుని, చెప్పులు సంచిలో పెట్టుకుంది. ఈ ఊళ్లో పెళ్లికి వెళ్లే పద్ధతి అది. షాలేం రాజు నల్లసూటు వేసుకుని, అద్దంలా మెరిసే తోలు బూట్లతో గరాజ్‌లోకి వెళ్లాడు. కారుకి తెల్ల రిబ్బన్లు కట్టాడు. టేపు అంటిస్తే పెయింటు ఊడుతుందని అద్దాల సందుల్లోంచి దూర్చి ముళ్లు వేశాడు.

“అందరం వ్యాన్‌లో వెళ్దామండీ. స్నో చూడండి. మీరే నడపండి, పక్కన పిల్ల కూర్చుంటుంది, నేను వెనక కూర్చుంటా. మేనమామే తెచ్చినట్టుంటుంది” అని ప్రిస్సిల్లా మెల్లగా చెప్పి చూసింది.

“పెళ్లికూతురు మినీవ్యాన్‌లోనా? సాంబారు వాసనొస్తది అందులో” అన్నాడు.

ఆ వాసన ఎక్కణ్ణించి వచ్చిందో అతనికి తెలియదు కాబోలు. పదేళ్లుగా చర్చి భోజనాల గిన్నెలు మోసింది ఆ వ్యానే, అందులో లొట్టలేసుకుంటూ తిన్నది ఈయనే.

“పైగా నేనేమీ ఆలోచించకుండా వస్తన్నానా? వెనక చక్రాల మీద వెయిట్ ఉంటే గ్రిప్ వస్తది. చూడు” అని డిక్కీ ఎత్తి చూపించాడు. అందులో సోనామసూరి బియ్యం బస్తా. ఊళ్లోవాళ్లు ఇసక బస్తాలు వేసుకుంటారు, ఈయన వంటింట్లోంచి బియ్యం లాక్కొచ్చాడు. డిక్కీ అగ్గిపెట్టెంత, అందుకని ఒక్కటే పట్టింది. ఆ ఒక్క బస్తా బరువుకి ఆ చెక్క టైర్లు మెత్తబడతాయట.

ప్రిస్సిల్లా ఎలీనా వంక చూసింది. తెల్ల పట్టుచీర, మేలిముసుగు, చేతిలో తెల్లగులాబీల గుత్తి. ఆ పిల్ల మామయ్య మొహం చూస్తోంది. “ఇట్స్ ఓకే అత్తా. చూడు, ఎంత హ్యాపీగా ఉన్నాడో. స్లోగా వెళ్తాం” అంది. ఆ మాటకి ఇంక ఆవిడ ఏమనగలదు? కరుణమ్మని వ్యాన్‌లో పక్కన కూర్చోబెట్టుకుని వెనకాలే బయల్దేరింది. బయల్దేరేముందు షాలేం రాజు కిటికీ దగ్గరికొచ్చి ఒక ముఖ్యమైన పని అప్పగించాడు: వెనకనించి వీడియో తియ్యమన్నాడు.

ఇళ్ల మధ్య వీధి చదునుగా ఉంది కాబట్టి కారు బుడిబుడి నడకలతో వెళ్లింది. మధ్యలో అవసరం లేకపోయినా ఇంజను గుర్రుమనిపించాడు, చుట్టుపక్కల వాళ్లు కిటికీల్లోంచి చూడాలి కదా. వీధి చివర టెన్ మైల్ రోడ్డులో కలిసేచోట చిన్న ఎత్తు ఉంది. ఎత్తంటే కొండేమీ కాదు, వేసవిలో సైకిలు తొక్కే పిల్లలకి కూడా తెలియని ఎత్తు. మంచులో ఇలాంటి చోట ఆగకుండా ఒకే ఊపున నిదానంగా ఎక్కెయ్యాలి. ఆగితే అంతే సంగతులు.

షాలేం రాజు సరిగ్గా ఆ ఎత్తు మధ్యలో ఆపాడు. అద్దం దించి చెయ్యి బయటపెట్టి ప్రిస్సిల్లా వైపు ఊపాడు. వీడియో తీస్తోందా లేదా అని.

తర్వాత కారు కదల్లేదు. చక్రాలు తిరుగుతున్నాయి, కారు అక్కడే ఉంది. ఇంకాస్త తొక్కాడు. తోక ఎడమవైపు జారింది. ఇంకా గట్టిగా తొక్కాడు, ఎందుకంటే తప్పు చేస్తున్నప్పుడు గట్టిగా చెయ్యడం అతని అలవాటు. కారు నిదానంగా, చాలా మర్యాదగా పక్కకి తిరిగి రోడ్డుకి అడ్డంగా నిలబడింది. వెనక చక్రం ఒకటి అంచున పోగుపడిన మంచులో దిగబడింది. తెల్ల రిబ్బను ఒకటి ఊడి బురదలో పడింది.

ప్రిస్సిల్లా వ్యాన్ కిందే ఆపి దిగి వచ్చింది. అద్దంలోంచి ఎలీనా బలవంతాన నవ్వింది. టైము పది దాటింది.

“నువ్వు వెనకాల మరీ దగ్గరగా వచ్చావు. అందుకే టెన్షన్‌లో ఆపాను” అన్నాడు షాలేం రాజు.

“సరేలెండి, నాదే తప్పు. పిల్లని వ్యాన్ ఎక్కించండి, వెళ్దాం.”

“ఆగు. ట్రాక్షన్ కంట్రోల్ ఆఫ్ చేస్తే పవర్ వస్తదని వీడియోలో చూశాను.” ఏదో మీట నొక్కి, చక్రాలు జారకుండా చూసే ఆ ఏర్పాటుని కాస్తా ఆపేశాడు. పవర్ వచ్చింది, అదంతా మంచులోకి పోయింది.

“నువ్వు కాస్త వెనకనించి తొయ్యి” అన్నాడు. ఏం చేస్తుంది, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని తోసింది. వెనకనించి తోస్తే ఆ ఫీల్ వేరని ఊళ్లో అందరికీ చెప్పినవాడు, ఆ ఫీల్ ఏమిటో పెళ్లానికి చూపించాడు. చక్రాలు గిర్రున తిరిగి నల్లమంచు ఆవిడ చీర మీద, మొహం మీద జల్లాయి.

ఎదురింటి అమెరికన్ ముసలాయన పార పట్టుకుని వచ్చాడు. చక్రాల చుట్టూ మంచు తీశాడు. కింద ఇసకలాంటిదేదన్నా గరుగ్గా వేస్తే పట్టు దొరుకుతుందన్నాడు. షాలేం రాజు మొహం వెలిగింది. డిక్కీ తీసి, తాళంచెవితో బస్తా కోసి, బియ్యం దోసిళ్లతో తీసి చక్రాల కింద పోశాడు. బియ్యం నున్నగా ఉంటుందని, తడిస్తే ఇంకా నున్ననవుతుందని, రోజూ అన్నం తినే మనిషికి ఆ మాత్రం తట్టలేదు. యాక్సిలరేటర్ తొక్కగానే గింజలన్నీ ఎగిరొచ్చి ప్రిస్సిల్లా తలమీద పడ్డాయి.

“పెళ్లి ఇంకా కాలేదండీ. అక్షింతలు అప్పుడే వేస్తున్నారు” అంది ఆవిడ.

ముసలాయన ఇంకో మాట చెప్పాడు. తనకి పెద్ద ట్రక్కు ఉంది, తాడు కట్టి లాగేస్తానన్నాడు. రెండు నిమిషాల పని. షాలేం రాజు ఆ తాడు కొక్కెం వంక, తన కారు ముందు భాగం వంక మార్చి మార్చి చూశాడు. “నో, నో, థాంక్యూ సర్. బంపర్ డెలికేట్” అన్నాడు. ముసలాయన భుజాలెగరేసి వెళ్లిపోయాడు. ఆ బంపర్ దగ్గరే పెళ్లి ఆగిపోయి ఉంది.

ఇంక ప్రిస్సిల్లాకి ఓపిక లేదు. కారు తలుపు తియ్యబోతుంటే, వ్యాన్ అద్దం దించి కరుణమ్మ కేకేసింది. “పెళ్లికూతుర్ని దించమాకే. బయల్దేరాక గుళ్లోనే దిగాలి. మధ్యలో దిగితే కీడు.”

“మనం విశ్వాసులం కదత్తయ్యా, శకునాలు నమ్మకూడదన్నారు. కిందటి వారం కూడా బైబిల్ స్టడీలో మీరే చెప్పారు.”

“శకునం కాదే. పద్ధతి” అంది కరుణమ్మ. శకునానికి ఇంకో పేరు పెడితే పాపం పోతుందని ఆవిడ నమ్మకం. షాలేం రాజుకి అది భలే కలిసొచ్చింది. “అమ్మ చెప్పింది కదా, కాసేపాగుదాం. టో ట్రక్‌కి ఫోన్ చేశాను, వచ్చేస్తాడు” అన్నాడు. చిక్కుకున్న బళ్లని లాగే ఆ టో ట్రక్కులవాళ్లకి ఆ పొద్దున్న ఇలాంటి మొనగాళ్లు ఊరంతా ఉన్నారు.

అలా మంచులో, రోడ్డుకి అడ్డంగా, పెళ్లికూతురు కూర్చునే ఉంది. నతానియేల్ ఫోన్ చేశాడు, మళ్లీ చేశాడు. పదకొండయింది. ఎలీనా ఫోన్లో ఏదో మెల్లగా చెప్పి, తలుపు తనే తోసుకుని కాలు బయటపెట్టింది. ప్రిస్సిల్లా పరుగున వెళ్లి, వ్యాన్‌లో ఎప్పుడూ ఉండే పాత బూట్లు ఆ పిల్ల కాళ్లకి తొడిగి, తన కోటు భుజాల మీద కప్పింది. కరుణమ్మ లోపల కూర్చుని యేసయ్యా, యేసయ్యా అనుకుంటోంది.

“మామయ్యా, నువ్వు కూడా రా. వ్యాన్‌లో ప్లేస్ ఉంది” అంది ఎలీనా.

షాలేం రాజు ఒక అడుగు వేశాడు. అప్పుడే దూరంగా టెన్ మైల్ రోడ్డు మీద పచ్చటి లైటు తిప్పుకుంటూ మంచు తోసే బండి కనిపించింది. అడుగు వెనక్కి తీసుకున్నాడు.

“ప్లో వస్తన్నాడు బంగారం. ఈ వీధిలోకి తిరిగాడంటే గీసేసి పోతాడు. నువ్వు పదమ్మా. టో ట్రక్ రాగానే నీ వెనకాలే వచ్చేస్తా.”

“కార్ వదిలేసి రా మామయ్యా. ప్లీజ్. నువ్వు లేకపోతే నేను ఎట్లా నడుస్తాను?”

“అట్లా రోడ్డు మీద వదిలేస్తే ఎట్లా తల్లీ? పెయింట్ పోద్ది. పది నిమిషాలే. నేను రాకుండా స్టార్ట్ చెయ్యరులే.”

ఎలీనా అతని వంక చూసింది. అతను కారు వంక చూస్తున్నాడు, సూటు చేత్తో బానెట్ మీద పడ్డ మంచు తుడుస్తూ. ఆ పిల్ల చీర ఎత్తి పట్టుకుని కిందికి నడిచి వ్యాన్ ఎక్కింది.

ప్రిస్సిల్లా వ్యాన్ వెనక్కి తిప్పి రెండో దారిలోంచి రోడ్డెక్కించింది. ముందు చక్రాలతో ఈడ్చుకుపోయే ఆ ఆడవాళ్ల బండి, మంచులో మెల్లగా, ఎక్కడా తడబడకుండా పోయింది. ఇన్నేళ్లుగా మొగుడి బడాయి బద్దలయ్యే రోజు కోసం ఆవిడ ఎదురుచూసింది. ఆ రోజు వస్తే కడుపారా నవ్వుకోవాలనుకుంది. ఇప్పుడు వెనక అద్దంలో ఆ పిల్ల మొహం కనబడుతుంటే నవ్వు రాలేదు. ఒళ్లు మండింది. వెనక్కి వెళ్లి అతన్ని కాలర్ పట్టుకుని ఈడ్చుకురావాలనిపించింది. కరుణమ్మ మాత్రం కొడుకుని వెనకేసుకొస్తూనే ఉంది. “వస్తాడే. వాడికి నువ్వంటే ప్రాణం. పాపం, ఖరీదైన వస్తువు కదా.” ఎలీనా కిటికీలోంచి బయటికి చూస్తూ, “వస్తాడు అమ్మమ్మా” అంది.

చర్చి చేరేసరికి పన్నెండు కావొస్తోంది. క్వయిర్ వాళ్లు పాడిన పాటలే మళ్లీ పాడుతున్నారు. చర్చి కాపలా చూసే అమెరికనాయన తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. ఎలీనా బూట్లు విప్పి చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర నిలబడింది. “వెయిట్ చేద్దాం అత్తా. కొంచెంసేపు” అంది. ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. ఈసారి తీశాడు. టో ట్రక్ అతనితో మాట్లాడుతున్నాడట, లాగడం కాదు, కారు మొత్తాన్ని పైకెత్తి పెట్టుకునే లారీయే కావాలని చెప్తున్నాడట, అది రావడానికి ఇంకాస్త టైము పడుతుందట. ఎలీనా సరే మామయ్యా అని పెట్టేసింది.

పాస్టర్ గారు బయటికొచ్చి చేతులు నలుపుకున్నారు. “టైం అయిపోతందమ్మా. బ్రదర్ షాలేం?”

“కారు దగ్గరున్నారండీ” అంది ప్రిస్సిల్లా.

దేవకుమార్ గారు ముందుకొచ్చారు. “ఎవరో ఒక మగదిక్కు ఉండాలి కదా. నేను నడిపిస్తాలే అమ్మాయిని.” వరుడి తండ్రి! ఆ చేత్తో ఇచ్చి ఈ చేత్తో తీసుకుంటారట. అయినా ఆయన్ని అని ఏం లాభం, మంచి మనసుతోనే అన్నారు. పాస్టర్ గారు అదీ బాగానే ఉందన్నట్టు తలూపారు. కరుణమ్మ కూడా ఊపింది. అందరూ కలిసి ఒక మగవాణ్ణి వెతుకుతున్నారు, ఎవడైనా ఫరవాలేదు, పంచాయితీ తీరితే చాలు.

ఎలీనా వీధి వైపు ఇంకోసారి చూసింది. పార్కింగ్ లాట్‌లోకి మంచు తప్ప ఏదీ రావడం లేదు. ఒక కన్నీటి బొట్టు జారితే మేలిముసుగు అంచుతో ఒత్తుకుంది. అప్పుడు ప్రిస్సిల్లా వైపు తిరిగి చెయ్యి చాపింది.

“అత్తా. నువ్వు రా.”

ప్రిస్సిల్లా చీర మీద నల్లమంచు మరకలున్నాయి, జుట్టులో బియ్యం గింజలున్నాయి. చెప్పులు మార్చుకోవడం మర్చిపోయి బూట్లతోనే ఉంది. అలాగే ఆ చెయ్యి పట్టుకుని నడిచింది. బూట్లు చప్పుడు చేస్తుంటే అందరూ తిరిగి చూశారు, చూడనీ. ఈ స్త్రీని ఈ పురుషునికి ఎవరు ఇచ్చుచున్నారు అని పాస్టర్ గారు పుస్తకంలోంచి చదివి, అలవాటుగా మగవాళ్ల వైపు చూశారు. “నేను” అని ఆవిడే చెప్పింది. ఆ గొంతు ఆవిడకే కొత్తగా వినిపించింది. ఒంటిగంటకి కాస్త ముందుగా పెళ్లి అయిపోయింది.

కింద బేస్‌మెంట్‌లో అందరూ బిర్యానీ తింటుంటే షాలేం రాజు దిగాడు. బూట్ల మంచు విదిలించుకుంటూ, రెండు చేతులూ పైకెత్తి, ఏదో గెలిచొచ్చినవాడిలా మెట్ల మీదే మొదలెట్టాడు. “ప్రెయిజ్ ద లార్డ్ అండీ. కారుకి ఒక్క గీత కూడా పడలేదు. దేవుడి కృప. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలి.” ఒకరిద్దరు మొహమాటానికి ప్రెయిజ్ ద లార్డ్ అన్నారు. మిగతావాళ్లు ప్లేట్లలోకి చూసుకున్నారు. పెళ్లయిపోయిందన్న సంగతి అతనికి అప్పుడే తెలిసినట్టుంది. కాస్త తడబడి, మళ్లీ నవ్వు అతికించుకున్నాడు. ప్రిస్సిల్లా వడ్డన గరిటె పట్టుకుని చూస్తోంది.

అతను బల్లల మధ్యలోంచి తోసుకుంటూ వెళ్లి పెళ్లివారి దగ్గర నిలబడ్డాడు. “బంగారం, టెన్షన్ పడకు. కారు సేఫ్” అన్నాడు.

ఎలీనా తలెత్తింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ మొహం తేటగా ఉంది. ఇందాకట్నించీ బల్ల దగ్గరికొచ్చిన అతిథులందరితో నవ్వినట్టే నవ్వింది.

“ఓ గుడ్, అంకుల్. భోజనం చేసి వెళ్లండి” అంది.

షాలేం రాజు వెనక్కి తిరిగి చూశాడు, తన వెనకాల ఎవరన్నా నిలబడ్డారేమోనని. ఎవరూ లేరు.